పీట మీది పేరు

జూన్ 9

మధ్యాహ్నం మళ్ళీ పిడుగుల గంట కొట్టారు. మళ్ళీ ఊరంతా ప్లగ్గులు పీకింది, వాన వెలిశాక పెట్టింది. మళ్ళీ ఇళ్ళకు ఇంటర్నెట్ వచ్చింది, వైద్యశాలకు రాలేదు. పోయిన వారం వైద్యశాలకు వచ్చింది, ఇళ్ళకు రాలేదు. సాన్ మెల్చోర్ కొండ మీది మేఘాలకైనా ఒక పద్ధతి ఉంది, ఊరి కచేరీ వెనక గదిలో ఉండి ఇంటర్నెట్ పంచే ఆ పెట్టెకు లేదు.

మా ఊళ్ళో వంతు వచ్చిన ఇల్లు ఏడాదిపాటు జీతం లేకుండా ఊరి పని ఒకటి చెయ్యాలి, దాన్నే సేవ అంటాం. ఈ ఏడు నెట్‌వర్కు సేవ మా ఇంటికి పడింది. సభలో చదివిన పేరు నా కొడుకు ఇలారియోన్‌ది. వాడేమో ట్యూబా భుజాన వేసుకుని, బ్యాండుతో పాటు ఏ ఊళ్ళో పండగైతే ఆ ఊళ్ళో ఉంటాడు. సేవ చేస్తున్నది కోడలు సెనాయిదా. ఇది మా దగ్గర వింతేం కాదు. మా ఆయన ఊరి కార్యదర్శిగా ఉన్న ఏడాది దస్తూరీ ఎవరిదో అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

సాయంత్రం క్రిసోఫొరో వచ్చాడు. ఇలారియోన్‌కు జ్ఞానస్నానం నాటి జ్ఞానతండ్రి, పైగా ఒకప్పుడు ఊరి ప్రెసిడెంటు. గుమ్మం బయట నిలబెట్టి పంపే వీల్లేదు.

"వదినా, మీ కోడలు ఆ పెట్టె ముందు కూర్చుని ఏం చేస్తోందో తెలుసా? ఏమీ చెయ్యట్లేదు. చూస్తోంది."

"చూస్తూ కూర్చోవడం కూడా సేవే క్రిసోఫొరో. ప్రెసిడెంటుగా నువ్వు చేసిందదేగా."

"నవ్వు, నవ్వు. నవంబరు సభలో ఊరు అడుగుతుంది, నెట్‌వర్కు సరిగ్గా నడిచిందా అని. లేదంటే మీ ఇంటికి ఈ ఏడాది సేవ చెల్లదు. మళ్ళీ ఏడాది చెయ్యాలి. ఊరు మాత్రం ఇంకో ఏడాది ఆగదు. నగరం నుంచి కంపెనీ వాళ్ళు వస్తామంటున్నారు, వాళ్ళకిచ్చేస్తాం. పీడా పోతుంది."

ఊరి నెట్‌వర్కు ఊరిదే ఉండాలని ఒకప్పుడు సభలో అరిచి గొంతు పోగొట్టుకున్నవాడు ఇతనే. గొంతు తిరిగొచ్చింది గానీ మాట రాలేదు.

అతను వెళ్ళాక సెనాయిదాను అడిగాను, నిజంగా చూస్తూ కూర్చుంటున్నావా అని.

"చూస్తున్నానత్తయ్యా. ముందే చెయ్యి పెడితే ఏది దేనివల్ల మారిందో తెలీదు కదా."

ఇంతకు ముందు సేవ చేసినవాళ్ళంతా ముందే చెయ్యి పెట్టినవాళ్ళు. పెట్టె మొండికేస్తే వెనకనున్న కేబుళ్ళు అటుది ఇటు, ఇటుది అటు మార్చేవారు. ఎప్పుడో ఒకప్పుడు పనిచేసేది. చేతులు దులుపుకుని ఒక గుక్క మెస్కాల్ సారా తాగేవారు. మళ్ళీ గంట మోగేదాకా దాన్ని మా ఊళ్ళో మరమ్మతు అనేవారు.

జూన్ 12

గురువారం. వహాకా నగరం నుంచి డాక్టరు వైద్యశాల తెరమీద కనిపించే రోజు. బల్ల మీద వరసగా కూర్చున్నాం, నేను నా రక్తపోటుతో, పై గూడెం నుంచి కర్ర పొడుచుకుంటూ నడిచొచ్చిన తెయోదులో అనే పెద్దాయన తన కాలి పుండుతో, ఇంకా చాలామంది. తెర నల్లగా ఉంది. నర్సు ఎర్మెలిందా దాన్ని గుడ్డతో తుడిచింది. తుడిస్తే వస్తుందేమోనని.

ఇంతలో ఊరంతటికీ ఇంటర్నెట్ ఆగిపోయింది. సెనాయిదా కావాలనే ఆపేసిందట. వీధిలో కేకలు. అడిగితే ఎర్మెలిందాకు మాత్రం చెప్పింది. పొద్దున కరెంటు పోయి వచ్చాక పెట్టె తలకిందులైంది, వైద్యశాల తీగను బయటి లోకానికి తెరిచి పెట్టింది. రోగుల కాగితాలన్నీ ఆ తీగ మీదే. ఎవడైనా తొంగిచూడొచ్చు. సరిచేసేదాకా అన్నీ మూసేయడమే మేలనుకుంది.

ఇళ్ళకు ఆగితే అందరికీ తెలుస్తుంది, అందరూ తిడతారు. వైద్యశాల గుట్టు వీధిన పడితే ఎవరికీ తెలియదు, ఎవరూ తిట్టరు. తిట్లు పడేదాన్నే ఎంచుకుంది ఆ పిల్ల.

మెచ్చుకోలుగా రాయడం లేదు. జరిగింది రాస్తున్నాను.

జూన్ 15

కోడలు చిక్కుళ్ళలో ఉప్పు వేయడం మరిచిపోయింది. అనడం నేనూ మరిచిపోయాను.

జూన్ 18

వంటింట్లో పొగ ఎక్కువైందని కచేరీ వైపు వెళ్ళాను. కాఫీ మిగిలిపోయిందని చేత్తో పట్టుకెళ్ళాను.

సెనాయిదా ప్లగ్గు పీకుతోంది. పెడుతోంది. పెట్టె లేచేదాకా ఆగి, తెరమీద ఏదో చదివి, మళ్ళీ పీకుతోంది. పిడుగూ లేదు, గంటా లేదు. తన పెట్టెను తనే పడగొట్టి లేపుతోంది.

"పిచ్చెక్కిందా నీకు?"

"నాకు కాదత్తయ్యా. దీనిక్కూడా కాదు. జబ్బేం లేదు దీనికి. చూడండి, లోపల మూడు కార్డులున్నాయి. ఒకటి బయటి తీగది, ఒకటి ఇళ్ళది, ఒకటి వైద్యశాలది. ప్లగ్గు పెట్టగానే మూడూ లేస్తాయి. ఏది ముందు లేస్తే దాని పేరు సున్న. తర్వాతది ఒకటి. ఆ తర్వాతది రెండు."

"ముందు లేచినవాడే పెద్దా?"

"అంతే. కాపలా ఆజ్ఞలన్నీ ఆ పేర్ల మీదే రాసున్నాయి. సున్న బయటిది, దాన్ని నమ్మొద్దు. రెండు వైద్యశాలది, దాని జోలికి ఎవరినీ పోనివ్వొద్దు. ఏదో ఒక రోజు వైద్యశాల కార్డు ముందు లేచిందనుకోండి..."

"వైద్యశాలను దొంగనుకుంటుంది. దొంగకు వైద్యశాలలో మంచం వేస్తుంది."

నావైపు చూసింది. "మీకెలా తెలిసింది?"

"పంతులమ్మని. హాజరుపట్టీలో పేర్లు తీసేసి, ఎవరు ముందొస్తే వాళ్ళు ఒకటి, తర్వాతవాళ్ళు రెండు అని రాసుకున్నామనుకో. పరీక్షల్లో ఎవడి మార్కులు ఎవడికి పడతాయో నాకొకరు చెప్పాలా?"

నవ్వలేదు. "అదేనత్తయ్యా" అని కాఫీ తాగింది. చల్లారిపోయిందని కూడా అనలేదు.

పాఠం నాకెంత ఎక్కిందో చూసుకుందామని ఇక్కడ రాశాను. పిల్లలకు ఇదే చెప్పేదాన్ని, రాయగలిగితేనే వచ్చినట్టు. వచ్చింది. ఇన్నేళ్ళూ మగవాళ్ళు కేబుళ్ళు మార్చినప్పుడల్లా వాళ్ళు చేసింది ఇదన్నమాట: ఆ పూట ఎవరు ముందు లేచారో వాళ్ళ వెనక తగిన తీగ పెట్టడం. ఆ పూటకు ఒప్పే. మర్నాటికి తప్పు. ఒప్పుతో మొదలై తప్పుగా మారే మరమ్మతు. దాన్ని పట్టుకోవాలంటే మర్నాటిదాకా చూడాలి. చూస్తూ కూర్చోవాలి.

జూన్ 20

ప్రతి కార్డుకూ తయారైన చోటే ఒక నంబరు వేస్తారట, ఒంటి మీద పుట్టుమచ్చలాగా. లేచే వరస మారినా పుట్టుమచ్చ మారదు. ఈ మచ్చ ఉన్నవాడు 'బయట', ఈ మచ్చ ఉన్నవాడు 'ఇళ్ళు', ఈ మచ్చ ఉన్నవాడు 'వైద్యశాల' అని సెనాయిదా పెట్టెకు రాసిచ్చింది. ఆజ్ఞల్లో సున్నలూ ఒకట్లూ కొట్టేసి ఆ పేర్లే పెట్టింది.

ఇంతకుముందు ఎవరికీ తట్టలేదా అని అడిగాను.

"తట్టే ఉంటుందత్తయ్యా. ఏడాది తిరిగితే ఎవరి పొలానికి వాళ్ళు వెళ్ళిపోతారు కదా, ఎవరికి ఓపికుంటుంది?"

తన ముందరివాళ్ళను వెనకేసుకొచ్చింది. వాళ్ళు ఈమెను వెనకేసుకు రాలేదు.

జూలై 3

ఈ ఏటి ప్రెసిడెంటు పెట్టె సంగతి చూద్దామని స్వయంగా వచ్చి ప్లగ్గు పీకాడు. పెట్టాడు. వైద్యశాలలో ఎర్మెలిందా కిటికీలోంచి చెయ్యి ఊపింది, ఉంది అని. మళ్ళీ పీకాడు. మళ్ళీ చెయ్యి. సరదా పుట్టినట్టుంది, చంటిపిల్లాడు దీపం బొత్తాంతో ఆడినట్టు ఆడాడు. చివరికి చెయ్యి నొప్పెట్టి ఎర్మెలిందానే మానేసింది.

క్రిసోఫొరో గోడకు ఆనుకుని చూశాడు. "ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి" అన్నాడు.

"వాడి కొమ్ములకు దూరంగా నిలబడాలి మరి" అన్నాను.

నేను అక్కడ ఎందుకున్నానంటే, ఇంట్లో పొగ.

జూలై 21

గంట. వాన. ప్లగ్గులు. అన్నీ వచ్చాయి. ఎవరూ ఏమీ అనలేదు.

ఆగస్టు 14

సెనాయిదా వాళ్ళ మేనమామ పోయాడని పుట్టింటి ఊరెళ్ళింది. తొమ్మిది రోజుల ప్రార్థనలు అయ్యాక గానీ రాదు. ఇంట్లో చప్పుడు లేదు. నాకిది అలవాటే. హాయిగా ఉంది.

ఆగస్టు 22

హాయిగా ఏమీ లేదు. మొన్న గంట కొట్టేలోపే పిడుగు పడింది. పెట్టె బతికింది, వైద్యశాల కార్డు కాలిపోయింది. ఊరి బంట్రోతు నెరెయో జీపు పట్టుకుని పోయి నగరంలో కొత్త కార్డు తెచ్చి బిగించాడు. పెట్టె లేచింది. వైద్యశాలకు మాత్రం ఏమీ లేదు.

నాకు వెంటనే అర్థమైంది. కొత్త కార్డుకు వేరే పుట్టుమచ్చ. పెట్టెకు అది ఎవరో తెలియదు. తెలియనివాడికి గేటు తీయొద్దని చెప్పిందే సెనాయిదా. చెప్పినట్టే వింటోంది.

మగవాళ్ళు చేరి పాత విద్యకు దిగారు. కేబుళ్ళు అటుది ఇటు. ఇటుది అటు. మొదటిసారి ఆ విద్య పారలేదు. పేర్లు కదలకుండా కట్టేసింది కదా, ఎన్నిసార్లు మార్చినా ఆ కొత్తవాడు పేరు లేనివాడే.

క్రిసోఫొరో మా గుమ్మంలోకి వచ్చి కూర్చోలేదు, నిలబడే మాట్లాడాడు.

"ఇంతకు ముందు చెడిపోతే మేమైనా ఎలాగోలా నడిపేవాళ్ళం వదినా. ఇప్పుడు మీ కోడలు తాళం వేసి చెవి కొంగున కట్టుకుని పుట్టింటికెళ్ళింది. ఇది సేవా? సేవంటే జనవరి ఒకటిన ఇంకొకడి చేతిలో పెట్టి పోగలిగేది. రేపు ఆమె చేతిలోంచి ఎవరు తీసుకోగలరో చెప్పు."

"చావుకెళ్ళిన పిల్లని..."

"చావుకే వెళ్ళింది. నేనేం కాదన్నానా? అసలు సంగతి చెప్పు."

కుండ కడగాలని లోపలికి వెళ్ళాను. కుండ కడిగే ఉంది.

తెయోదులో ఈ గురువారం కూడా పై గూడెం నుంచి కాలీడ్చుకుంటూ వచ్చి వెళ్ళాడట.

ఆగస్టు 23

క్రిసోఫొరో అన్నది నిజం. ఈ వాక్యం రాయడానికి పెన్ను మొరాయించింది, సిరా ఉంది కూడా.

ఆగస్టు 24

వచ్చింది. నల్ల శాలువా తీయకుండానే కచేరీకి వెళ్ళి వైద్యశాలకు ఇంటర్నెట్ రప్పించింది. ఇంటికొచ్చాక క్రిసోఫొరో అన్నదంతా చెప్పాను. నా మాటలూ కొన్ని కలిపాను, అతను ఇంకొంచెం చెడ్డగా వినిపించాలని.

పూర్తిగా విని, "ఆయనన్నది నిజమేనత్తయ్యా" అంది.

అంతే. సాకు లేదు, ఏడుపు లేదు, చావింటి మాట ఎత్తలేదు. పెనం మీద రొట్టె తిప్పింది. నేనైతే వారం రోజులు తిట్టి, ఆ తర్వాత కూడా ఒప్పుకోను.

"నేను మనిషి మీద పేరు రాశాను. మనిషి కాలిపోతే పేరూ కాలిపోయింది. మన బ్యాండులో అలా చెయ్యరు కదా."

"బ్యాండులో ఏం చేస్తారు?"

"మొదటి క్లారినెట్టు వాయించే ముసలాయన పోతే బ్యాండు మొదటి క్లారినెట్టు లేకుండా ఉంటుందా? ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్ళే మొదటి క్లారినెట్టు. పెట్టెలో కూడా కార్డులు కూర్చునే గాడులున్నాయి, పీటల్లాగా. ఆ పీటల మీదే పేర్లు రాయాలి. కింది పీట 'బయట'. దాని పైది 'ఇళ్ళు'. ఆ పైది 'వైద్యశాల'. ఎవడొచ్చి కూర్చున్నా సరే, పుట్టుమచ్చ అడగదు."

"ఈ ముక్క మొదటే తట్టలేదా?"

"తట్టింది. కార్డులు చచ్చిపోతాయని తట్టలేదు."

బ్యాండు మాస్టరు కూతుర్ని నేను. ఆ ఉపమానం నాకు తట్టాల్సింది. తట్టలేదని బాధేమీ లేదు.

సెప్టెంబరు 5

పీటల మీద పేర్లు రాసింది. తనే ఒక మంచి కార్డు పీకేసి, వేరేది అదే పీట మీద పెట్టి లేపింది. ఏమీ తెలియనట్టు నడిచింది. నా ఎదుటే చేసింది. పొగ.

సెప్టెంబరు 11

ఈ రోజు జరిగింది మా ఊళ్ళో తప్ప ఎక్కడా జరగదు.

సెనాయిదా నెరెయోను పిలిచి, "అన్నా, కింది పీట మీది కార్డు కాలిపోయిందనుకో. నేను లేననుకో. ఈ కొత్తది పెట్టు" అని చెప్పి బయటికొచ్చేసింది. నాతో పాటు మెట్ల మీద కూర్చుంది. నెరెయో చాలాసేపు లోపలున్నాడు. పెట్టె లేచింది. వైద్యశాల నుంచి ఎర్మెలిందా, బడి నుంచి పంతులు, ఇళ్ళ నుంచి ఆడవాళ్ళు, అందరూ ఒకేసారి కేకలు.

లోపలికెళ్ళి చూస్తే కొత్త కార్డు అన్నిటికన్నా పై పీట మీద ఉంది. అది ఖాళీ పీట, దానికి పేరే లేదు. మిగతావి ఒక్కొక్కటి ఒక పీట కిందికి జరిగాయి, తీగలతో సహా.

"ఇదేంటన్నా?"

నెరెయో టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "కొత్తగా వచ్చింది కదమ్మా. నగరం నుంచి వచ్చింది. అతిథిని చివర కూర్చోబెడతామా? పైన పెట్టాను. మిగిలినవాళ్ళను కాస్త సర్దుకోమన్నాను."

సెనాయిదా నవ్వింది. కోడలై వచ్చాక ఈ పిల్ల గొంతెత్తి నవ్వడం వినడం ఇదే మొదటిసారి. గోడ పట్టుకుని నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "తప్పు నీది కాదన్నా. ఖాళీ పీట వేసి ఉంచింది నేను" అంది.

ఇదే చూస్తున్నాను నేను. ఎవరు తప్పు చేసినా, ఆ తప్పుకు చోటెక్కడ మిగిల్చానా అని వెతుక్కుంటుంది. మనిషి మీద కోపం ఖర్చు పెట్టదు. నేను బళ్ళో ఎంత కోపం ఖర్చు పెట్టానో, దాంతో ఎవడికి లెక్కలొచ్చాయో దేవుడికే తెలియాలి.

సెప్టెంబరు 13

పై పీటను రేకు పెట్టి మూసేసింది. తీగలు మూడింటినీ గోడకు మేకులతో బిగించి, ఒక్కోటి తన పీటదాకా మాత్రమే చేరేలా పొట్టిగా కోసింది. లాగినా పక్క పీటకు అందదు. ఇక గుర్తుపెట్టుకోవడానికేమీ లేదు. పాత విద్యకు చోటూ లేదు.

తెలివి చూపించుకునే తెలివి చాలామంది దగ్గర చూశాను. తన తెలివితో ఎవరికీ పని లేకుండా చేసే తెలివి... వాక్యం పూర్తి చెయ్యను. పొగడ్తలా తయారవుతోంది.

నవంబరు 2

పోయినవాళ్ళ పండగ. సమాధుల దగ్గర మా ఆయనకు తాగే చాక్లెట్ కాచి పెట్టాను. ఇంటి సంగతులు చెప్పాను. కోడలి సంగతి కూడా కొంచెం చెప్పాను. లేచేసరికి చాక్లెట్ మీద మీగడ కట్టింది, కొవ్వొత్తి అయిపోయింది.

నవంబరు 16

సభ. పొద్దుటి నుంచి రాయాలని ఉంది, కళ్ళద్దాలు ఎక్కడ పెట్టానో దొరకలేదు. వయసు.

క్రిసోఫొరో లేచి, "పెట్టె నడుస్తోంది, కాదనను. ఆమె లేకుండా నడుస్తుందా?" అని అడిగాడు.

సెనాయిదా ఆడవాళ్ళ బల్ల మీంచి లేచింది. "మీరే చూడండి మామయ్యా. డబ్బాలో విడి కార్డులున్నాయి. ఏది తీసుకుంటారో తీసుకోండి. వైద్యశాలది పీకి మీది పెట్టండి."

"నువ్వు రావా?"

"నేనొస్తే ఇంక మీరు చూసేదేముంది?"

కూర్చుని శాలువా సర్దుకుంది. క్రిసోఫొరో, ప్రెసిడెంటు ఇద్దరూ వెనక గదిలోకి వెళ్ళారు. సభంతా ఆ తలుపు వైపే చూసింది. లోపల క్రిసోఫొరో ఏదో జారవిడిచిన చప్పుడు, బూతు ఒకటి. సెనాయిదా తలుపు వైపు చూడలేదు. నేను చూశాను. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను.

ఎర్మెలిందా వైద్యశాల నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. "ఎవరు చేశారిప్పుడు? ఒక్క నిమిషం పోయి వచ్చేసింది!"

గుమ్మంలో నిలబడి క్రిసోఫొరో తన చేతుల వైపు చూసుకున్నాడు. "నేను" అన్నాడు. కొంచెం గర్వంగానే అన్నాడు.

నెట్‌వర్కు ఊరి దగ్గరే ఉంటుందని చేతులెత్తారు. కంపెనీ మాట ఎవరూ ఎత్తలేదు. సేవ చెల్లిందన్నారు. కార్యదర్శి ఇలారియోన్ పేరు రాయబోయాడు.

అప్పుడు నా కొడుకు లేచాడు. బ్యాండుతో రాత్రే ఊళ్ళోకి వచ్చాడు, ఇంకా బ్యాండు వాళ్ళ ఎర్ర చొక్కాలోనే ఉన్నాడు. "నేను ట్యూబా ఊదాను. ఇది చేసింది నేను కాదు. ఆమె పేరు రాయండి."

సభలో గుసగుసలు. క్రిసోఫొరో తల ఊపాడు, ఈసారి వెటకారంగా కాదు. "రాయొచ్చు. కానీ కట్టుబాటు తెలుసు కదా వదినా? ఆమె పేరు రాస్తే ఈ సేవ ఆమెది. నీ కొడుకు సేవ చెయ్యనట్టే. కొత్త ఏడాదికి వాడి పేరు మళ్ళీ చదవాలి, ఈసారి వాడే చెయ్యాలి. ఇంకో ఏడాది. పంట మీదా, బ్యాండు మీదా ఆశ వదులుకోవడమే. ఇంటి పెద్దవు, నువ్వు చెప్పు."

ఇంకో ఏడాది. అది తప్పించుకోవాలనే కదా జూన్ నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉన్నది. ఒక్క పేరుకు తలూపితే వాడు ఇంటికొస్తాడు, కాఫీ పళ్ళు కోస్తాడు, పండగలకు ఊదుకుంటాడు. సెనాయిదా ఏమీ అనదు. అనదని తెలుసు. మా అందరికీ అలవాటైంది కూడా అదే, ఏమీ అనకపోవడం. మా ఆయన కార్యదర్శిగా ఉన్న ఏడాది నేనూ ఏమీ అనలేదు.

సెనాయిదా నా చెయ్యి నొక్కింది. "వద్దత్తయ్యా. పేరుదేముంది."

"ఆర్నెల్ల నుంచీ పేర్లు తప్పితే ఏమవుతుందో నాకు పాఠం చెప్పి, ఇప్పుడు పేరుదేముందంటావా?" అన్నాను. మెల్లగా అనాలనుకున్నాను, సభంతా విన్నది. ఎవరో పకపకా నవ్వారు. కార్యదర్శి వైపు తిరిగాను. "సెనాయిదా అని రాయండి. దస్తూరీ బాగుండేలా రాయండి."

రాశాడు. వెంటనే ప్రెసిడెంటు జనవరి నుంచి మొదలయ్యే సేవలు చదవడం మొదలుపెట్టాడు. నెట్‌వర్కు దగ్గర ఆగి, కళ్ళద్దాల పైనుంచి నా కొడుకు వైపు చూసి, "ఇలారియోన్" అన్నాడు.

ఈసారి సభంతా నవ్వింది. వాడు కూడా.

నవంబరు 17

కోడలు చిక్కుళ్ళలో ఉప్పు రెట్టింపు వేసింది. తిన్నాను.

జనవరి 1

కచేరీ ముందు సేవలు చేతులు మారాయి. సెనాయిదా విడి కార్డుల డబ్బా మొగుడి చేతికిచ్చింది. "ఏం చెయ్యాలో చెప్పవా?" అని అడిగాడు వాడు. "ఎక్కడ పడితే అక్కడ పట్టదు. ఒక్కచోటే పడుతుంది" అంది. వాడి ముఖం చూడాలి.

జనవరి 15

గురువారం. రాత్రంతా ఉత్తరపు గాలి కొట్టి, పొద్దున్నే కరెంటు పోయి, వచ్చి, పోయి, మళ్ళీ వచ్చింది. ఆ తాకిడికి పెట్టెలో ఒక కార్డు కాలింది. నెరెయో వచ్చి గుమ్మంలోంచి, "అమ్మా, వైద్యశాలకు లేదు!" అని కేకేశాడు, అలవాటు కొద్దీ సెనాయిదానే చూస్తూ.

సెనాయిదా పెనం దగ్గర ఉంది. "ఆయన లేచారు" అంది.

ఇలారియోన్ లేచి, డబ్బా చంకన పెట్టుకుని, ముఖం కడగకుండా వెళ్ళాడు. నా కొడుకు సంగతి నాకు తెలుసు. చిన్నప్పుడు చొక్కా బొత్తాలు కూడా ఒక కాజా తప్పించి పెట్టుకునేవాడు. వెళ్ళమని ఆమెను కళ్ళతోనే అడిగాను. రొట్టె తిప్పింది. మళ్ళీ అడిగాను. ఇంకో రొట్టె వేసింది. లేవలేదు.

కాసేపటికి వైద్యశాల వైపు నుంచి తెయోదులో గొంతు వినిపించింది. డాక్టరుతో తెరమీద పోట్లాడుతున్నాడు, కాలు తనదనీ, కట్టు ఎప్పుడు విప్పాలో తనకు తెలుసనీ.

ఇలారియోన్ వచ్చి కూర్చున్నాడు. "అయిపోయింది" అన్నాడు. ఎలా అయిపోయిందో తనకే నమ్మకం లేనట్టు. సెనాయిదా వాడికి రొట్టె పెట్టింది.

ఇది రాస్తున్నాను, ఇక ఏ సాకూ లేకుండా రాస్తున్నాను. ఈ కొండల్లో చాలామంది తెలివైనవాళ్ళను చూశాను, కొందరికి చదువు కూడా చెప్పాను. నా కొడుకు చేతుల్లో కూడా చెడనిదాన్ని కట్టినవాళ్ళను ఈ పిల్లకు ముందు చూడలేదు.